మూడు క్లిక్కుల లెక్కతో యాప్ సులువైపోదు: యూఐ (యూజర్ ఇంటర్‌ఫేస్, అంటే స్క్రీన్ మీద మనం చూసి నొక్కేవన్నీ) డిజైన్‌లో అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏ పనైనా మూడు క్లిక్కుల్లో అయిపోవాలి, లేకపోతే జనం యాప్ మూసేసి వెళ్లిపోతారు.

వాస్తవం: మీటింగుల్లో ఈ మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. కానీ 2003లోనే డిజైన్ పరిశోధకుడు జాషువా పోర్టర్ యూజర్ టెస్టుల (జనం చేత వాడించి చూసే పరీక్షల) డేటా అంతా చూసి, క్లిక్కుల సంఖ్యకూ జనం మధ్యలో మానేయడానికీ సంబంధమే కనిపించలేదని తేల్చారు. సరైన దారిలోనే వెళ్తున్నామని తెలుస్తుంటే ఆరుసార్లయినా నొక్కుతారు. తెలియకపోతే రెండో స్క్రీన్‌లోనే ఆగిపోతారు.

పుట్టిన తేదీ అడిగే ఫామే చూడండి. క్యాలెండర్ తెరుచుకుంటుంది, అందులో ఈ నెల ఉంటుంది, 1964లో పుట్టిన పెద్దాయన ఏడాదికి పన్నెండుసార్లు చొప్పున వెనక్కి బాణం నొక్కుకుంటూ పోవాలి. పైనున్న సంవత్సరం మీద నొక్కితే జాబితా వస్తుంది, నిజమే, కానీ అది బటన్‌లా కనిపించదు కదా, ఆయనకెలా తెలుస్తుంది? రోజు, నెల, సంవత్సరం అని మూడు గళ్లు పెట్టి నంబర్ కీప్యాడ్ ఇవ్వండి, చకచకా కొట్టేస్తారు. క్యాలెండర్ బస్సు టికెట్‌కి పెట్టుకోండి, అక్కడ ఏ వారమో కూడా చూసుకోవాలి.

అపోహ: మంచి ఐకాన్ ఉంటే పేరు అక్కర్లేదు.

వాస్తవం: భూతద్దం, ఇల్లు లాంటి కొన్నింటికి సరే. మూడు గీతల మెనూ గుర్తుని జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం డిజైనర్ నార్మ్ కాక్స్ గీశారు, ఆ కంప్యూటర్ వచ్చింది 1981లో. ఇన్నేళ్లయినా దాని వెనక ఏముందో నొక్కి చూస్తేగానీ తెలియదు. కింద చిన్నగా పేరు రాయండి.

అపోహ: తెలుగు ఫాంట్ పెట్టేస్తే తెలుగు యాప్ రెడీ.

వాస్తవం: నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకి కొలిచి చేసిన గడిలో "రాష్ట్రం" అని రాసి చూడండి, కింది ఒత్తులు తెగిపోతాయి. లైన్ల మధ్య ఖాళీ పెంచండి, బటన్ ఎత్తు ఫిక్స్ చేయకండి, మాట పట్టకపోతే రెండో లైనుకి పోనివ్వండి.

అపోహ: యూజర్ టెస్టింగ్‌కి లక్షలు కావాలి.

వాస్తవం: ఒక్కో విడతకు ఐదుగురు చాలని యూజర్ టెస్టింగ్ నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. మీ టీమ్‌లో లేనివాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి, "కరెంటు బిల్లు కట్టండి" అని ఒక పని చెప్పి, మీరు పక్కన మాట్లాడకుండా కూర్చోండి. బాగుందా అని మాత్రం అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. వేలు ఎక్కడ తడబడిందో రాసుకుని, ఆ స్క్రీన్ మార్చి, ఈసారి కొత్తవాళ్లకు ఇవ్వండి.