మెడలో బిళ్ళలు, కంట్లో ఎరుపు

నల్లగొండ, పాలమూరు వైపు కన్ను ఎర్రబడితే ముందు వచ్చే మాట కండ్లకలక. మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చి వేసుకుంటారు. మెడలో బిళ్ళలు కడితే మాత్రం ఇంటిల్లిపాదికీ టెన్షన్, టీబీయో క్యాన్సరో అని. రెండూ ఒకే మనిషికి ఒకేసారి వచ్చినా, మెడ ఒక డాక్టరుకు, కన్ను ఇంకో డాక్టరుకు చూపిస్తారు. రెండిటికీ సంబంధం ఉండొచ్చన్న ఆలోచనే రాదు.

కికుచి-ఫుజిమోటో వ్యాధి అని ఒకటుంది. 1972లో జపాన్‌లో కికుచి, ఫుజిమోటో విడివిడిగా దీన్ని వివరించారు. అరుదైన జబ్బే. ఆసియావాసుల్లో, వయసులో ఉన్నవాళ్ళలో ఎక్కువ. జ్వరంతో పాటు మెడలో లింఫు గ్రంథులు ఉబ్బి బిళ్ళలు కడతాయి, ముట్టుకుంటే నొప్పి. చాలామందికి 1 నుంచి 4 నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. అసలు కారణం తేలలేదు గానీ, రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడమేనని డాక్టర్ల అనుమానం.

చాలా కొద్దిమందిలో ఆ అతి స్పందన వల్ల వచ్చే వాపు (ఇన్‌ఫ్లమేషన్) కంటి లోపలి యువియా పొరలోనూ కనిపిస్తుంది. అదే యువైటిస్. కండ్లకలకలో పుసులు కట్టి రెప్పలు అంటుకుంటాయి, ఇందులో పుసి ఉండదు. నల్లగుడ్డు చుట్టూ ఎరుపు, లోపల సలుపు, చూపు మసక. ఎండలోకి వస్తే కన్ను తెరవలేరు. కంటిని పెద్దది చేసి చూపే స్లిట్ ల్యాంప్ పరికరం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి సన్నటి వెలుగు పంపితే, తేటగా ఉండాల్సిన కంటినీటిలో తెల్లకణాలు కిటికీ ఎండలో దుమ్ములా తేలుతూ కనిపిస్తాయి. ఆలస్యమైతే కంటిపాప అంచు వెనకున్న లెన్సుకు అతుక్కుని గుండ్రదనం పోతుంది, చూపూ దెబ్బతింటుంది.

దీనికి స్టెరాయిడ్ చుక్కలు, పాపను పెద్దది చేసే చుక్కలు వాడతారు. చిక్కు ఇక్కడే ఉంది. మెడలో బిళ్ళలు, కంట్లో యువైటిస్ టీబీ వల్ల కూడా రావచ్చు, మన దగ్గర టీబీ తక్కువేం కాదు. అది తేలకుండా స్టెరాయిడ్ మాత్రలు మింగితే టీబీ ముదురుతుంది. అనుమానంతోనే నెలల తరబడి టీబీ మందులు మింగడమూ అన్యాయమే. సూది పరీక్షతో తేలకపోతే గ్రంథిని తీసి బయాప్సీకి పంపాల్సిందే. కికుచి అయితే మైక్రోస్కోప్ కింద చచ్చిన కణాల శకలాలు కనిపిస్తాయి, చీములో ఉండే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు మాత్రం దాదాపు ఉండవు.

నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, మొదట అక్కడే చూపించుకోవచ్చు. కంటి డాక్టరుకు మెడ సంగతి, మెడ చూసే డాక్టరుకు కంటి సంగతి తప్పక చెప్పండి. కొందరిలో కికుచికి ముందో, తర్వాతో లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) బయటపడుతుంది. అందుకే బిళ్ళలు కరిగినా కొన్నేళ్ళపాటు చెకప్‌లు మానకూడదు.