కంప్యూటర్ దొరక్కముందే మొదలైన కళ

హనుమకొండలో ఒక చిత్ర ప్రదర్శనకు ఒక చిత్రకారిణి పంపిన బొమ్మలు వెనక్కి వచ్చాయి. ఆమె వాటిని కుంచెతో కాదు, కోడ్‌తో వేసింది. 'ఏఐ బొమ్మలు తీసుకోం' అన్నది నిర్వాహకుల మాట. 2022లో మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి, మాటల్లో చెబితే బొమ్మ వేసిచ్చే ఏఐ సాధనాలు వచ్చినప్పటి నుంచి చేత్తో గీసేవాళ్లకు బతుకు భయం పట్టుకుంది. అది కాదనలేని భయమే.

కానీ ఆమె వాడింది ఏఐ కాదు. ఏ గీత ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ వంగాలో, కోడ్‌తో బొమ్మలు గీయడానికి వాడే పీ5.జేఎస్‌లో తానే రాసింది. వేరేవాళ్ల బొమ్మలు చూసి నేర్చుకున్న యంత్రమేదీ అందులో లేదు.

ఇలా నియమాలు రాసి బొమ్మ గీయించే కళ కొత్తదేం కాదు. 1965లో జర్మనీలో జరిగిన తొలి కంప్యూటర్ చిత్రాల ప్రదర్శన గురించి చాలామంది రాశారు. నా దృష్టిలో అసలు మలుపు అంతకుముందే, 1959లో వచ్చింది. బుడాపెస్ట్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన చిత్రకారిణి వెరా మోల్నార్ ఆ ఏడాది 'ఊహా యంత్రం'తో పని మొదలుపెట్టింది. ఆమె దగ్గర కంప్యూటర్ లేదు. ముందు నియమం పెట్టుకునేది, తర్వాత తానే యంత్రమైనట్టు ఆ నియమం తప్పకుండా ఒక్కో బొమ్మా చేత్తో గీసేది. నిజం కంప్యూటర్ 1968లో గానీ అందలేదు. అప్పుడు ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, కంప్యూటర్ చెప్పినట్టు కాగితంపై గీతలు గీసే ప్లాటర్‌తో గీయించింది. చతురస్రాలను వరుసగా పేర్చి, వాటి మూలలను రవ్వంత కదిలించేది. ఒక్క శాతం గజిబిజి చాలనేది. 2023 డిసెంబర్‌లో, 99 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

మధ్యలో ఆ తొమ్మిదేళ్లు యంత్రం లేకుండానే ఈ కళ నడిచింది. యంత్రమే గీసిందనేవాళ్లు ఆ తొమ్మిదేళ్ల పనిని ఎవరి ఖాతాలో వేస్తారు?

'కోడ్‌లో రాండమ్ అని రాస్తే ఏదో ఒకటి కంప్యూటరే ఎంచుకుంటుంది కదా' అని ఇంకో అభ్యంతరం. ఎంచుకుంటుంది, నిజమే. కానీ గీత ఎంత దూరం జరగొచ్చో హద్దు గీసేది కోడ్ రాసిన ఆమె. వచ్చిన వందల్లో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చూసేది ఆమె కన్ను.

మన వాకిళ్లకు ఇది కొత్తేం కాదు. '15 చుక్కలు, సందు చుక్క 8 వరకు' అని అమ్మ చెబితే బిడ్డ ముగ్గు వేస్తుంది. ఆ మాట ఒక ప్రోగ్రామే. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లోనే కోలాలకు, అంటే తమిళుల ముగ్గులకు, గణిత వ్యాకరణం రాసి ప్రచురించారు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు కూడా పోగులు లెక్కపెట్టి నేసేవే. వరంగల్ కొత్తవాడలో మగ్గం దగ్గర నిలబడి 'ఇది మగ్గం చేసిన పని' అని నేతన్నతో ఎవరైనా అనగలరా?

చట్టం కూడా చాలాకాలం కిందటే మాట్లాడింది. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం, కంప్యూటర్ ద్వారా తయారైన కళాకృతికి దాన్ని తయారు చేయించిన వ్యక్తే కర్త. ఏఐ విషయంలో ఆ వ్యక్తి ఎవరన్నది ఇంకా తేలాల్సి ఉంది. ప్రతి వరుసా తానే రాసుకున్న మనిషి విషయంలో తేలాల్సిందేముంది?

హనుమకొండ నుంచి వెనక్కి వచ్చిన ఆ బొమ్మలను ఆ చిత్రకారిణి మళ్లీ పంపింది. ఈసారి ఒక్కోదాని పక్కన కోడ్ కాగితం కూడా పెట్టింది. మొదటి కాగితం పైవరుసలో చుక్కల లెక్క ఉంది: 15, 8.