పసి ఊపిరితిత్తులకు మొక్కల మందు

నెలలు నిండకుండా పుట్టిన శిశువుల వార్డుల్లో మొక్కల్లో దొరికే పదార్థం ఒకటి ఇప్పటికే రోజూ వాడుతున్నారు. అది కెఫీన్. 1819లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త రూంగే కాఫీ గింజల నుంచి వేరుచేసిన పదార్థమే. ఊపిరి తీసుకోవడం మధ్యమధ్యలో ఆగిపోయే పసివాళ్లకు దాన్ని ఇస్తారు.

ఈ శిశువుల కష్టం రెండు వైపులా కోసే కత్తి లాంటిది. ఊపిరితిత్తుల్లోని గాలిగదులు సరిగా ఏర్పడకముందే పుట్టారు కాబట్టి వెంటిలేటర్, అదనపు ఆక్సిజన్ తప్పవు. ప్రాణం నిలిపే ఆ ఆక్సిజనే కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. వాటిని అణిచే ఎంజైములు గర్భవాసపు చివరి వారాల్లో గానీ తగినంతగా తయారు కావు. ఊపిరితిత్తులు వాస్తాయి, కొత్త గాలిగదులు ఏర్పడటం కుంటుపడుతుంది. 1967లో విలియం నార్త్‌వే బృందం ఈ జబ్బును వర్ణించి బ్రాంకోపల్మొనరీ డిస్ప్లాసియా అని పేరు పెట్టింది.

కెఫీన్ ఈ జబ్బునూ తగ్గిస్తుందని 2006లో తెలిసింది. 500 నుంచి 1250 గ్రాముల బరువుతో పుట్టిన రెండు వేల మందికి పైగా శిశువులపై జరిగిన పరీక్ష అది. గర్భధారణ లెక్కన 36 వారాలు వచ్చేసరికి ఇంకా అదనపు ఆక్సిజన్ మీద ఉన్నవారు, అంటే ఈ జబ్బు ఉన్నట్టు లెక్కించినవారు, కెఫీన్ అందనివారిలో 47 శాతం, అందినవారిలో 36 శాతం. కెఫీన్ తీసుకున్నవారికి శ్వాసయంత్రాల అవసరం సుమారు వారం ముందే తీరిపోయింది.

పసుపులోని కర్కుమిన్, ఉల్లిలోని క్వెర్సెటిన్, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్, బ్రకోలీ నుంచి వచ్చే సల్ఫొరాఫేన్ మీద కూడా పరిశోధకులు ఆశ పెట్టుకున్నారు. ఇవి ఫ్రీ రాడికల్స్‌ను నేరుగా మింగేస్తాయని చాలామంది అనుకుంటారు. నన్ను ఆకట్టుకునేది వాటి మరో పని. కణంలో ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీన్‌ను కీప్1 అనే మరో ప్రొటీన్ పట్టి ఉంచుతుంది. సల్ఫొరాఫేన్ కీప్1ను మార్చి ఆ పట్టు విడిపిస్తుంది. ఎన్ఆర్ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి, కణం తనను తాను కాపాడుకునే ఎంజైముల జన్యువులను మేల్కొలుపుతుంది.

ఎలుక పిల్లల్లో గాలిగదులు పుట్టాకే ఏర్పడతాయి, కాబట్టి ప్రయోగాలు ఎక్కువగా వాటిమీదే జరుగుతాయి. ఎక్కువ ఆక్సిజన్‌లో పెంచిన పిల్లలకు కర్కుమిన్ ఇస్తే గాలిగదులు మెరుగ్గా నిలిచాయి. మంచి ఫలితమే. కానీ మన శిశువులకు ఆక్సిజన్‌తో పాటు వెంటిలేటర్ ఒత్తిడి, ఇన్‌ఫెక్షన్లు కూడా తోడవుతాయి.

పసి కాలేయం సంగతి మరీ ముఖ్యం. పెద్దల ఒంట్లో కెఫీన్ సుమారు 5 గంటల్లో సగానికి తగ్గుతుంది. నెలలు నిండని శిశువులో అందుకు దాదాపు నాలుగు రోజులు పడుతుంది. కర్కుమిన్‌ను బయటకు పంపే ఎంజైములు కూడా అప్పటికి పక్వానికి రావు. అందుకే పసుపు గానీ, మరే మూలికా రసం గానీ ఇంట్లో నవజాత శిశువుకు పట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇంకో చిక్కు ఉంది. కర్కుమిన్ నీటిలో సరిగా కరగదు, పేగు నుంచి రక్తంలోకి అంతగా చేరదు. నరంలోకి ఎక్కించాలంటే దాన్ని కరిగించే పదార్థం ఏదో ఒకటి కలపాలి. 1984లో అమెరికాలో ఈ-ఫెరాల్ అనే విటమిన్-ఈ మందును నరంలోకి ఎక్కించాక పదుల సంఖ్యలో పసివాళ్లు చనిపోయారు. అనుమానం ప్రధానంగా మందును కరిగించేందుకు అందులో కలిపిన పాలిసార్బేట్ మీదే పడింది. కాబట్టి కర్కుమిన్‌ను శిశువులపై పరీక్షించేముందు, దాన్ని మోసుకెళ్లే ద్రవం ఆ బరువుకు, ఆ వయసుకు సురక్షితమని విడిగా తేల్చాలి.