వరుస ఒకరిది, మాట మరొకరిది: పేరడీ పాటకు చట్టంలో చోటెక్కడ?

ఎన్నికలు వచ్చాయంటే వరంగల్, హనుమకొండ వీధుల్లో ప్రచార ఆటోలు తిరుగుతాయి. వరుస జనం నాలుకల మీదున్న సినిమా పాటది, మాటలు మాత్రం అభ్యర్థివి. ఎదుటి పార్టీని ఎత్తిపొడవాలన్నా ఇదే పద్ధతి. మైకులో పాడినంత కాలం వరుస ఎవరిదని అడిగినవారు తక్కువే. అదే పాటను వీడియో చేసి యూట్యూబులో పెడితే మాత్రం కాపీరైట్ క్లెయిమ్, అంటే ‘ఈ పాట మాది’ అన్న హక్కుదారు అభ్యంతరం, వచ్చి కూర్చుంటోంది.

ఎగతాళి అనుకరణ మనకు కొత్త కాదు. శ్రీశ్రీ కవితలకు జరుక్ శాస్త్రి రాసిన పేరడీలను తెలుగు పాఠకులు ముచ్చటగా చదువుకున్నారు. ఓరుగల్లు బిడ్డ నేరెళ్ల వేణుమాధవ్ ఇతరుల గొంతులు పలికించే కళతోనే 2001లో పద్మశ్రీ అందుకున్నారు. గొంతుకు కాపీరైట్ లేదు. పాటకు ఉంది, చిక్కంతా అక్కడే.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 1958 జనవరి 21 నుంచి అమల్లో ఉంది. ఇతరుల రచనను అనుమతి లేకుండా ఎప్పుడు వాడుకోవచ్చో 52వ సెక్షన్ చెబుతుంది: సొంత అధ్యయనం, విమర్శ, సమీక్ష, వర్తమాన ఘటనల వార్తలు వగైరా. ఆ జాబితాలో పేరడీ లేదు. విచిత్రమేమిటంటే ఫ్రాన్స్ అదే 1957లో పేరడీకి తన చట్టంలో చోటిచ్చింది. మనం నమూనాగా తీసుకున్న బ్రిటన్ కూడా 2014లో ఆ మినహాయింపు చేర్చుకుంది. మనవాళ్లు 2012లో చట్టాన్ని బాగానే కదిలించారు. గేయ రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో వాటా దక్కింది, అది న్యాయమే. పేరడీ ఊసు మాత్రం ఎవరికీ పట్టలేదు.

పాత పాటను మళ్లీ పాడి విడుదల చేయడానికి 31సి సెక్షన్ కింద ఒక దారి ఉంది. అసలు రికార్డింగు వచ్చి ఐదేళ్లు నిండాలి, ముందే నోటీసిచ్చి రాయల్టీ కట్టాలి, మాటలు మార్చకూడదు. మాటలు మార్చడమే పేరడీ కాబట్టి ఆ తలుపు మూసినట్టే.

మిగిలింది ‘విమర్శ’ అనే తలుపు. దాన్ని తెరిచి చూపింది 1996లో కేరళ హైకోర్టు. మలయాళ నాటక రచయిత తోప్పిల్ భాసి ప్రసిద్ధ నాటకాన్ని విమర్శిస్తూ సివిక్ చంద్రన్ ప్రతినాటకం రాస్తే, భాసి కుటుంబం కోర్టుకెక్కింది. కోర్టు మూడు ప్రశ్నలు వేసుకుంది: చేసిన విమర్శతో పోలిస్తే తీసుకున్నది ఎంత? ఎందుకు తీసుకున్నారు? కొత్తది పాతదానికి పోటీ అవుతుందా? చివరికి ప్రతినాటకం వైపే మొగ్గింది. నా దృష్టిలో ఈ విషయంపై మన దేశంలో వచ్చిన తీర్పుల్లో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే.

అయితే ఆ నాటకం విమర్శించింది అసలు నాటకాన్నే. మన ప్రచార పాట సినిమా పాటను ఏమీ అనదు, దాని భుజమెక్కి ఎమ్మెల్యేను తిడుతుంది. అమెరికా సుప్రీంకోర్టు 1994లో పేరడీకి అండగా నిలుస్తూనే ఈ తేడాను ఎత్తిచూపింది: వెక్కిరింత అసలు పాట మీదైతే దాన్ని వాడుకోక తప్పదు, మరొకరి మీదైతే ఈ పాటే ఎందుకో చెప్పుకోవాలి. ఆ గీటురాయి మీద మన ఎన్నికల పాటల్లో చాలావరకు నిలవవు.

పేరడీ కాకపోయినా, ఇతరుల పాట వాడితే వచ్చే చిక్కు పార్టీలకు గట్టిగా తెలిసివచ్చింది 2022 నవంబరు 7న. భారత్ జోడో యాత్ర కామారెడ్డి జిల్లా దాటి మహారాష్ట్రలో అడుగుపెట్టిన రోజే, కేజీఎఫ్-2 పాటలు వాడారన్న ఫిర్యాదుపై కాంగ్రెస్, యాత్ర ట్విట్టర్ ఖాతాలను నిలిపేయాలని బెంగళూరు కోర్టు ఆదేశించింది. ఆ వీడియోలు తొలగించాలన్న షరతుతో మర్నాడే కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది.

మామూలు కుర్రాళ్ల వీడియోలు కోర్టుదాకా పోవు. యూట్యూబులో 2007 నుంచి కంటెంట్ ఐడీ అనే యంత్రం పాటలను పోల్చి చూస్తోంది. దానికి నవ్వు తెలియదు, పోలిక తెలుసు. క్లెయిమ్ వస్తే వీడియో ఆదాయం హక్కుదారుకు మళ్లవచ్చు. హక్కుదారు నేరుగా ఫిర్యాదు చేస్తే చానల్ మీద పడేది స్ట్రైక్, అంటే తప్పు కింద లెక్కేసే హెచ్చరిక. 90 రోజుల్లో మూడు పడితే చానలే పోవచ్చు. అభ్యంతరం చెప్పుకునే వీలుంది గానీ, పెద్ద కంపెనీతో తగవెందుకని వీడియో తీసేసుకునేవారూ ఉంటారు.

జానపదం సంగతి వేరు. తరాలుగా పాడుకుంటున్న బతుకమ్మ వరుసకు యజమాని లేడు. దాన్ని స్టూడియోలో రికార్డు చేసినవారికి ఆ రికార్డింగు మీద మాత్రం 60 ఏళ్ల హక్కు ఉంటుంది. కాబట్టి సొంత గొంతుతో, సొంత డప్పుతో పాత వరుసకు కొత్త మాటలు కట్టినవారు క్లెయిమ్‌కు ధైర్యంగా బదులివ్వవచ్చు. ఎవరిదో ట్రాకు దించుకుని దానిమీద పాడినవారికి ఆ వీలు లేదు.