మనోవర్తి: ఒక్క మాట వెనుక ఎన్ని చట్టాలు

కుటుంబ న్యాయస్థానాల వరండాల్లో ఎక్కువగా వినిపించే మాట మనోవర్తి. పత్రికల్లో అదే భరణం అవుతుంది. భర్త, భరణం ఒకే ధాతువు నుంచి పుట్టాయి కనుక భరించడం మొగుడి ధర్మమని పెద్దలు సులువుగా తేల్చేస్తారు. న్యాయవాదికి అంత సులువు కాదు. ఆ డబ్బు ఏ చట్టం కింద అడుగుతున్నామన్నదే ఆయన మొదటి ప్రశ్న. ఎందుకంటే ఒక్కో చట్టం ఒక్కో కాలంలో, ఒక్కో అవసరానికి పుట్టింది.

అన్నిటికన్నా వింతైన పుట్టుక క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని మనోవర్తిది. భార్య తిండీ బట్టల సంగతి నేరవిచారణ చట్టంలో ఎందుకుంది? బ్రిటిష్ పాలకులకు ఆడవాళ్ళ మీద జాలి కలిగి కాదు. దిక్కులేని భార్యాబిడ్డలు వీధిన పడితే దేశదిమ్మరితనం, దాని వెంట నేరాలు పెరుగుతాయన్న భయం వల్ల. 1898 కోడ్‌లో అది 488వ సెక్షన్, 1973 కోడ్‌లో 125, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144. అంకె మారినా పుట్టుకతో వచ్చిన గుణం పోలేదు. దీనికి మతంతో పని లేదు. డబ్బు కట్టకపోతే వారెంటు, ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు. నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించకూడదన్న పరిమితి కూడా 2001 దాకా కొనసాగింది. ధరలు ఎక్కడికి పోయినా చట్టంలో అంకె మాత్రం కదలలేదు!

1973 కోడ్ మరో పని చేసింది. విడాకులు పొంది, తిరిగి పెళ్ళి చేసుకోని స్త్రీ కూడా ఈ నిబంధన వరకు ‘భార్య’యే అంది. నిఘంటువు ఒప్పుకోని అర్థమే కానీ, విడాకులైన ముస్లిం భార్యకూ మనోవర్తి ఇవ్వాలన్న 1985 నాటి షాబానో తీర్పుకు ఆధారం ఆ వివరణే. దాని మీద రేగిన రాజకీయ దుమారంలో 1986లో ముస్లిం మహిళలకు వేరే చట్టం వచ్చింది. మరి పాత దారి మూసుకుపోయినట్టేనా? కాదని 2024 జూలై 10న సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది. ఆ కేసు తెలంగాణ నుంచి వెళ్ళింది. కుటుంబ న్యాయస్థానం నెలకు 20 వేలు ఇమ్మంటే, హైకోర్టు దాన్ని 10 వేలకు తగ్గించింది. అసలు విడాకులైన ముస్లిం భార్యకు 125 వర్తించదన్నది భర్త వాదన. అది నిలబడలేదు.

మనోవర్తి దయ కాదు, హక్కు అన్న మాటకు సివిల్ చట్టంలో బలం తెచ్చింది నెల్లూరు మునసబు కోర్టులో మొదలైన వ్యాజ్యం. తులసమ్మ భర్త 1931లో ఉమ్మడి కుటుంబంలో ఉండగా చనిపోయాడు. ఆస్తి ఆయన సవతి సోదరుడు శేషారెడ్డి చేతిలో ఉంది. 1944లో ఆమె కోర్టు రుసుము కట్టలేని పేదరాలిగా మనోవర్తికి అర్జీ పెట్టుకుంది. డిక్రీ వచ్చింది, 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తిని బతికున్నంత కాలం అనుభవించవచ్చు, అమ్మకూడదు, తదనంతరం అది శేషారెడ్డికే చేరాలి అని రాసుకున్నారు. స్త్రీ చేతిలోని ఆస్తికి సాధారణంగా ఆమెనే సంపూర్ణ యజమానిని చేసిన హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. దాని తర్వాత ఆమె కొంత అమ్మేసింది. శేషారెడ్డి దావా వేశాడు. జీవితకాలపు హక్కు అని రాజీలో రాసుకున్నాక అంతకు మించి ఆమెకు ఏముంటుందన్నది ఆయన వాదన. వినడానికి సబబుగానే ఉంది, హైకోర్టు కూడా ఒప్పుకుంది. 1977లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మనోవర్తి హక్కు రాజీ కాగితంతో పుట్టలేదు, అంతకు ముందు నుంచే ఉంది, ఆస్తి ఆ హక్కుకు బదులుగా వచ్చింది కనుక ఆమే సంపూర్ణ యజమాని అని తేల్చింది. అర్జీ పెట్టిన నాటి నుంచి ముప్పై మూడేళ్ళు! ఈ సూత్రాన్ని ఎంతవరకు వర్తింపజేయాలన్న ప్రశ్నను 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు విస్తృత ధర్మాసనానికి నివేదించింది.

విడాకుల చరిత్ర దీనికన్నా చిన్నది. ఆచారం అనుమతించిన కులాలను మినహాయిస్తే హిందువులకు విడాకులు లేవు. మద్రాసు రాష్ట్రం 1949లో చట్టం చేయడంతో కోస్తా, రాయలసీమలకు ఆ వీలు కొంచెం ముందే వచ్చింది. 1955 హిందూ వివాహ చట్టం దాన్ని దేశమంతటికీ తెచ్చింది. అందులో 24వ సెక్షన్ కేసు నడుస్తున్నంత కాలం ఇచ్చే మధ్యంతర మనోవర్తి. 25వ సెక్షన్ డిక్రీతోనో, ఆ తర్వాతో ఇచ్చే శాశ్వత భరణం, నెలనెలా గానీ ఒకేసారి గానీ. రెంటినీ భర్త కూడా అడగవచ్చు. ఒకే కాపురం మీద రెండు మూడు చట్టాల కింద వేర్వేరు ఉత్తర్వులు వచ్చే గందరగోళాన్ని 2020 నవంబరులో రజనేశ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు సరిదిద్దింది. ముందు వచ్చిన ఉత్తర్వును దాచకూడదు, ఆస్తి అప్పుల అఫిడవిట్ ఇద్దరూ ఇవ్వాలి, మనోవర్తి అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్క.

స్త్రీధనాన్ని ఈ లెక్కలో కలపడం మనవాళ్ళు తరచుగా చేసే పొరపాటు. పుట్టింటివారు పెట్టిన బంగారం, పసుపుకుంకుమల కింద ఇచ్చిన పొలం ఆమెవే. భర్త దగ్గర ఉంటే ఆయన దాచి ఉంచినట్టే తప్ప భాగస్తుడు కాడని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది తిరిగి ఇవ్వడం భరణం ఇచ్చినట్టు కాదు.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళ ఇళ్ళలో ఈ మధ్య ఇంకో మాట వినిపిస్తోంది: సగం ఆస్తి. టెక్సాస్, కాలిఫోర్నియాలలో పెళ్ళయ్యాక సంపాదించింది సాధారణంగా ఇద్దరి ఉమ్మడి ఆస్తి. మన దేశంలో ఆ భావన ప్రధానంగా గోవాలో ఉంది, అదీ పోర్చుగీసువారి సివిల్ కోడ్ చలవ. హైదరాబాదులో భర్త పేరున, భర్త కంతులతో కొన్న ఫ్లాటులో విడాకుల వేళ వాటా అడిగే హక్కు భార్యకు లేదు. 2005 గృహహింస చట్టం కింద కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కును అడగగలదు.