వెన్న శాతం, యురేనియం శాతం

గుంటూరు పక్కనే మా ఊరు. పొద్దున్నే పాల కేంద్రంలో సన్నటి గాజు గొట్టాల్లో యాసిడ్, పాలు పోసి గుండ్రటి మిషన్లో బిగించేవాళ్లు. హ్యాండిల్ తిప్పడానికి పిల్లలం పోటీపడేవాళ్లం. గిర్రున తిరిగేసరికి బరువైనది అంచుకు పోయేది, తేలికైన వెన్న లోపలి వైపు గొట్టం మెడలోకి చేరేది. అక్కడి గీతను బట్టే డబ్బు. "ఏందబ్బాయ్, మా గేదె పాలు ఇంత పల్చనా? గొట్టం ఇటు చూపించు" అని మా నాయనమ్మ రోజూ తగువే.

యురేనియం శుద్ధిలోనూ సూత్రం ఇదే. గనిలో దొరికే యురేనియంలో 1000 పరమాణువులకు 7 మాత్రమే పనికొచ్చే 235 రకం. మిగతావి 238. వాయువుగా మార్చాక వీటి బరువులు 349, 352. అంత చిన్న తేడా! అందుకే ఒక సెంట్రిఫ్యూజ్ (ఇలా గిర్రున తిప్పి వేరుచేసే యంత్రం) నుంచి ఇంకోదానికి పంపుతూ, వందలు వేల యంత్రాల్లో తిప్పాలి.

అసలు చిక్కు లెక్కలో ఉంది. కరెంటు తీసే చాలా రియాక్టర్లకు 235 రకం 4 శాతం ఉంటే సరిపోతుంది. ఆ 7 అలాగే ఉంచి, అక్కర్లేని 825 తీసేస్తే 4 శాతం వచ్చినట్టే. బాంబుకు 90 శాతం కావాలి. దానికి ఇంకో 167 తీస్తే చాలు. (నిజం ప్లాంటులో ఇంత నిక్కచ్చిగా కుదరదు, 235 కూడా కొంత వృథా పోతుంది.) అంటే కరెంటు కోసమని బయల్దేరిన దేశం, తెలిసో తెలియకో, బాంబు దారిలో ముప్పాతిక పైనే నడిచేసి ఉంటుంది. 2015లో అమెరికా వగైరా దేశాలతో కుదిరిన అణు ఒప్పందంలో ఇరాన్‌కు 3.67 శాతం హద్దు పెట్టారు. అమెరికా 2018లో బయటికొచ్చేసింది. 2021లో ఇరాన్ 60 శాతం శుద్ధి మొదలుపెట్టింది. మన లెక్కలో ఇక మిగిలింది 12 పరమాణువులు. వాటిలో నాలుగు తీస్తే బాంబు సరుకే.

ఇంత సన్నటి గీత మీద 1968 అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్‌పీటీ) ఒక తారీఖు పెట్టింది. 1967 జనవరి 1కి ముందు పేల్చినవాళ్లే అణ్వస్త్ర దేశాలు. క్యూలో ముందొచ్చిన ఐదుగురు లోపలికెళ్లి గడియ పెట్టుకున్నట్టు! 1964లో పేల్చిన చైనా లోపల, 1974లో ప్లుటోనియంతో (బాంబుకు పనికొచ్చే ఇంకో సరుకు) పేల్చిన మనం బయట. మనం సంతకం పెట్టకపోవడంలో నాకు తప్పు కనిపించదు. అయినా గడియ ఏం ఆపింది? నెదర్లాండ్స్‌లో పనిచేసిన పాకిస్తానీ శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ సెంట్రిఫ్యూజ్ డిజైన్లు పాకిస్తాన్‌కు పట్టుకొచ్చాడు. తర్వాత లిబియా, ఇరాన్, ఉత్తర కొరియాలకూ ఆ పరిజ్ఞానం చేరింది.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీదార్లు కెమెరాలు బిగించి, సిలిండర్లు తూచి, సీళ్లు వేసి చూసేది ఈ శాతాన్నే. గీత తన కళ్లతో చూస్తేగానీ మా నాయనమ్మ కూడా కేంద్రం గడప దిగేది కాదు.