తేలుకుంచి కొంగ ముక్కులో సందు

నేను పక్షి శాస్త్రం చదువుకోలేదు. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురంలో పనిచేసేటప్పుడు ఒకసారి లోను పని మీద ఆ దగ్గర్లోని తేలుకుంచి అనే ఊరు వెళ్ళి, చింతచెట్టు కింద బండి ఆపాను. తిరిగొచ్చేసరికి సీటంతా తెల్లటి రెట్ట. తలెత్తితే కొమ్మకొమ్మకీ గూళ్ళు. పైనుంచి టకటకమని చప్పుడు. అది అరుపు కాదు. పెద్దయిన కొంగలకి గొంతు దాదాపు లేనట్టే, ముక్కులు కొట్టుకునే కబుర్లు చెప్పుకుంటాయి.

అది నత్తగుల్ల కొంగ. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. వానలు మొదలవుతూనే వచ్చి, ఊరి మధ్యలోనే చింతల మీదా వెదురు గుబుర్లలోనూ గూళ్ళు కట్టి, పిల్లలు ఎగిరాక చలికాలం తొలిరోజుల్లో వెళ్ళిపోతాయి. రెండు నుంచి నాలుగు గుడ్లు. దాదాపు 25 రోజులు ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి. మరో ఐదు వారాలకి పిల్ల ఎగురుతుంది.

ఎవర్నడిగినా సైబీరియా పక్షులనే అంటారు. కాదు. భారతదేశం, దాని చుట్టుపక్కల దేశాలు, ఆగ్నేయాసియా, ఇదీ దీని ఇల్లు. నీళ్ళూ నత్తలూ ఉన్న వైపు తిరుగుతుందంతే. ఆ తిరుగుడు కూడా తక్కువేం కాదు. థాయిలాండ్‌లో కాలికి రింగు తొడిగిన కొంగలు 1500 కిలోమీటర్ల అవతల బంగ్లాదేశ్‌లో దొరికాయి. ఈ సంగతి ఒక ముసలమ్మకి చెబితే, "ఎక్కడ్నుంచొస్తే ఏటి బావూ, పురుటికి మా ఇంటికే కదా వొచ్చినాయి" అంది. మళ్ళీ ఆవిడ దగ్గర సైబీరియా ఊసెత్తలేదు.

ఇంతకీ ఆ సందు ఎందుకు? బ్రిటన్ జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ 1960లో, నత్తల్ని పగలగొట్టే అడకత్తెర లాంటిదన్నాడు. నేనూ అదే నమ్మాను, వరిగట్టు మీద కూర్చునేదాకా. కొంగ ముక్కు పూర్తిగా బురదనీళ్ళలో ముంచి, కదలకుండా వంగి ఉంది. మెడ దగ్గర మాత్రం చిన్న వణుకు. కాసేపటికి తలెత్తి మెత్తటి నత్త మాంసాన్ని మింగేసింది. అది పక్కకి జరిగాక వెళ్ళి గుల్ల తీశాను. చిన్న పగులు కూడా లేదు! ఆ సీజనంతా సంచిలో ఏరినవి దాదాపు అన్నీ అంతే. కింది ముక్కు కొన కాస్త కుడికి వంగి ఉంటుంది. దాన్ని గుల్ల నోట్లోకి దూర్చి, నీళ్ళలోనే నత్తని బయటికి లాగేస్తుంది. అడకత్తెర వాదాన్ని తర్వాతి శాస్త్రవేత్తలూ కొట్టేశారు. ముక్కు అంచుల గరుకు వల్ల జారిపోయే గుల్లకి పట్టు దొరుకుతుందని ఇప్పటి అంచనా.

కళ్ళకి గంతలు కట్టినా ఈ కొంగ నత్తని పట్టగలదని 1860ల్లోనే రాసినాయన థామస్ జెర్డన్. మన కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే. ఆయనా వృత్తికి పక్షుల మనిషి కాదు, మద్రాసు సైన్యంలో డాక్టరు. 1836లో వచ్చీరాగానే పంపింది గంజాం జిల్లాకే. అప్పటికి ఇచ్ఛాపురం ఆ జిల్లాలోదే. జ్వరాలకి మందిస్తూ పిట్టల్ని చూసేవాడన్నమాట.

నేనూ తప్పు చేశాను. మొదట్లో ఫొటో పిచ్చితో మిద్దెక్కి, ఒక గూటికి మరీ దగ్గరగా వెళ్ళాను. తల్లి లేచిపోయింది. నేను లెన్సు సర్దుకునేలోపే కాకి గుడ్డు ఎత్తుకుపోయింది. అప్పట్నుంచి దూరంగా నిలబడి నోట్సు రాసుకోవడమే. పక్షుల్ని లెక్కపెట్టడం కష్టం, అటూ ఇటూ ఎగురుతాయి. గూళ్ళు కదలవు. కాబట్టి చెట్టు చెట్టుకీ గూళ్ళ లెక్క, ఏటా అవే చెట్లు. విసుగు పనే.

ఆ నోట్సు విలువ తిత్లీ తుపానుకి గానీ తెలీలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు నేలకొరిగాయి. తేలుకుంచిలోనూ పెద్ద చెట్లు పడ్డాయి. కొన్ని చెట్ల పేర్లు ఇప్పుడు నా నోట్సులోనే ఉన్నాయి.

మొన్నటి సీజన్లో ఒక కుర్రాడు గూట్లోంచి పడిన పిల్లని గంపలో తెచ్చాడు.

"సారూ, దీని ముక్కు బాగానే ఉంది. మరి తల్లి ముక్కుకి ఏటయింది?"

పిల్ల ముక్కుకి సందు ఉండదనీ, పెరిగే కొద్దీ వస్తుందనీ చెప్పాను. వాడు నమ్మినట్టు లేడు. గంపని నీడలోకి జరిపి, నత్తలకోసం పొలం వైపు పరిగెత్తాడు.